గురక, సీప్యాప్ మెషిన్: మన రూముల్లో మాట్లాడుకోవాల్సిన సంగతి

మొన్న ఆదివారం మీటింగ్‌లో నేను మాట్లాడింది గ్రూపులో పెట్టమని చాలామంది అడిగారు. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్లే ఎక్కువ కదా, అందుకని మాట్లాడినట్టే రాసి పెడుతున్నా. నేను డాక్టర్‌ని కాదు. పదో తరగతి చదివి సైట్‌లో సూపర్‌వైజర్ పని చేసుకునేవాణ్ని. అయితే ఆరేళ్లుగా రాత్రిపూట సీప్యాప్ మెషిన్ పెట్టుకునే పడుకుంటున్నా. కాబట్టి దాన్ని ఎట్లా వాడాలి, ఎట్లా చూసుకోవాలి అన్నది చెప్పగలను. ఎవరికి ఎంత ప్రెషర్ పెట్టాలి, ఏ మందు వాడాలి అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

మన దగ్గర ఒకడు గట్టిగా గురక పెడితే "వాడికేంరా, హాయిగా నిద్రపోతున్నాడు" అంటాం. అది తప్పు. స్లీప్ ఆప్నియా ఉన్న మనిషికి నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గుర్రుమని పెద్ద శబ్దం చేసి మళ్లీ ఊపిరి తీసుకుంటాడు. పొద్దున లేచాక ఇదేమీ గుర్తుండదు. గంటకు ఇట్లా 5 నుంచి 15 సార్లు జరిగితే తక్కువ స్థాయి, 15 నుంచి 30 అయితే మధ్య స్థాయి, 30 దాటితే తీవ్రం అని డాక్టర్లు లెక్క వేస్తారు. 30 సార్లు అంటే ఏంటి? రెండు నిమిషాలకోసారి ఎవరో వచ్చి భుజం పట్టి లేపుతున్నట్టు. అట్లా ఎనిమిది గంటలు పడుకున్నా ఏం లాభం చెప్పండి.

పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి రెండు మూడు సార్లు ఒంటేలుకు లేవడం, మాత్ర వేసుకుంటున్నా బీపీ దిగకపోవడం, కూర్చుంటే చాలు కునుకు రావడం: ఇవీ గుర్తులు. రాత్రి లేస్తున్నామంటే షుగరే అనుకుంటాం. షుగర్ టెస్ట్ చేయించండి, దాంతోపాటు ఈ మాట కూడా డాక్టర్ చెవిన వేయండి. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోవద్దు. లావైతే ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ దవడ, గొంతు కట్టుబడిని బట్టి మన దేశం వాళ్లకు అంత బరువు లేకపోయినా వస్తుంది. ఆడవాళ్లకూ వస్తుంది. వాళ్లలో గురక కంటే నీరసం, నిద్ర పట్టకపోవడం ముందు కనిపించొచ్చు.

గ్యాంగ్ లీడర్, రౌడీ అల్లుడు పాటలకు చిందులెయ్యనివాళ్లు మనలో ఎవరున్నారు? వాటికి సంగీతం ఇచ్చిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో చనిపోయారు. ఆయనకు వేరే ఆరోగ్య సమస్యలు కూడా ఉన్నాయి గానీ, ఆస్పత్రి డాక్టర్ చెప్పిన కారణంలో ఈ స్లీప్ ఆప్నియా పేరే ఉంది. అప్పుడే మన ఊళ్లల్లో చాలామంది ఈ మాట మొదటిసారి విన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఇంటి దగ్గర ఉంటే భార్యో, తల్లో చూసి "నిద్రలో నీకు ఊపిరి ఆగుతోందయ్యా" అని చెప్తారు. ఇక్కడ మనం నలుగురం, ఐదుగురం ఒక రూములో ఉంటాం. మనల్ని నిద్రలో చూసేది రూమ్మేట్ ఒక్కడే. వాడేం చేస్తాడు? దిండు విసురుతాడు, వీడియో తీసి గ్రూపులో పెట్టి నవ్విస్తాడు. ఆ వీడియో గ్రూపులో పెట్టకుండా ఆ మనిషికి ఒక్కడికే చూపించండి. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఊపిరి తీసుకుంటున్నాడంటే, ఆ అర నిమిషం వీడియో డాక్టర్ దగ్గర చాలా పనికొస్తుంది. నవ్వులపాలు చేస్తే మాత్రం మెషిన్ వచ్చాక కూడా సిగ్గుపడి మంచం కింద పెట్టేస్తాడు.

పని దగ్గర దీని సంగతి ఎంత దూరం వెళ్తుందో ఈ దేశంలోనే జరిగినవి చెప్తా. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్ బ్రాంక్స్‌లో మెట్రో నార్త్ రైలు గంటకు 30 మైళ్లతో వెళ్లాల్సిన మలుపులో 82 మైళ్ల వేగంతో వెళ్లి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. నడిపే మనిషి కునుకు తీశాడు. తర్వాత టెస్ట్ చేస్తే తీవ్రమైన స్లీప్ ఆప్నియా అని తేలింది, అది ఉన్నట్టు అప్పటిదాకా అతనికే తెలియదు. దానికి తోడు కొద్ది రోజుల ముందే అతని డ్యూటీ సాయంత్రం నుంచి తెల్లవారుజాముకు మారింది. 2016 సెప్టెంబర్ 29న మనవాళ్లు ఎంతోమంది ఉండే జెర్సీ సిటీ పక్కనే, హోబోకెన్ స్టేషన్‌లో రైలు ఆగకుండా లోపలికి దూసుకెళ్లింది. ఒకామె చనిపోయింది, వందమందికి పైగా దెబ్బలు తగిలాయి. అక్కడా అదే కథ, టెస్ట్ చేయించుకోని స్లీప్ ఆప్నియా.

మనం రైళ్లు నడపం. కానీ తెల్లవారుజామున నాలుగింటికి వ్యాన్‌లో ఆరుగురిని ఎక్కించుకుని సైట్‌కు నడిపేది ఎవరు? నిచ్చెన మీద, స్కాఫోల్డింగ్ మీద, ఫోర్క్‌లిఫ్ట్ సీట్లో ఉండేది ఎవరు? గ్యాస్ స్టేషన్‌లో రాత్రంతా నిలబడి పొద్దున కారు తోలుకుంటూ రూముకు పోయేది ఎవరు? సూపర్‌వైజర్‌గా నా మాట ఒకటే: నిద్ర సరిగ్గా లేని రోజు పైకి ఎక్కకముందే చెప్పండి, కింద పని చాలానే ఉంటుంది. పైకి ఎక్కాక తూలితే అప్పుడు మాట్లాడుకునేది ఏమీ ఉండదు.

టెస్ట్ గురించి భయపడకండి. ఆస్పత్రిలో ఒళ్లంతా వైర్లు పెట్టి రాత్రంతా పడుకోబెట్టే టెస్ట్ ఒకటి ఉంది, ఖర్చు ఎక్కువ. చాలామందికి ఇంట్లో చేసుకునే టెస్ట్ సరిపోతుంది, దానికి ఖర్చు బాగా తక్కువ. వేలికి ఒక క్లిప్, ముక్కు దగ్గరో ఛాతీకో ఒక చిన్న పరికరం పెట్టుకుని రూములోనే పడుకోవచ్చు. ఇన్సూరెన్స్ లేనివాళ్లు ముందు కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో అడగండి. ప్రభుత్వ నిధులతో నడిచే ఈ సెంటర్లలో మన సంపాదనను బట్టి ఫీజు తగ్గిస్తారు, దాన్ని స్లైడింగ్ ఫీ అంటారు. జీతం కాగితాలు తీసుకెళ్లండి. ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, ఫోన్లో పెట్టిస్తారు, దానికి డబ్బులు అడగకూడదు. ఇప్పటికే లాభాపేక్ష లేని ఆస్పత్రి నుంచి పెద్ద బిల్లు వచ్చి ఉంటే, ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం ఇమ్మనండి. మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల దాకా ఆ అప్లికేషన్ పెట్టుకోవచ్చు. బిల్లు చూసి భయపడి చించేసేవాళ్లు ఉన్నారు మనలో, అట్లా చేయకండి.

ఇక మెషిన్. 1980 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే డాక్టర్ దీన్ని తయారుచేశాడు. వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటిదానికి గొట్టం బిగించి, ముక్కుకు మాస్కు పెట్టి మొదలుపెట్టాడు. అంతకుముందు తీవ్రంగా ఉన్నవాళ్లకు గొంతుకు రంధ్రం చేయడమే దారి. ఈ మెషిన్ ఆక్సిజన్ ఇవ్వదు, చాలామంది అదే అనుకుంటారు. రూములో గాలినే కొంచెం ఒత్తిడితో లోపలికి పంపుతుంది, ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంటుంది. అంతే దాని పని. పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. సేఫ్టీ హార్నెస్ బ్యాగులో ఉంటే కాపాడుతుందా? ఇదీ అంతే.

మొదటి రెండు వారాలు కష్టమే. ముఖం మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. సాయంత్రం కూర్చుని ఫోన్ చూసుకుంటూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. ర్యాంప్ అని ఒక బటన్ ఉంటుంది, అది పెడితే గాలి మెల్లగా మొదలై తర్వాత పెరుగుతుంది. మాస్కు పక్కల నుంచి గాలి కారుతుంటే పట్టీలు ఇంకా బిగించేయడం మనవాళ్ల అలవాటు, పొద్దునకల్లా ముక్కు మీద పుండు పడుతుంది. మెషిన్ ఆన్ చేసి, పడుకున్న భంగిమలోనే మాస్కు ఒకసారి ఎత్తి మళ్లీ సర్దండి. మీసం, గడ్డం ఎక్కువ ఉన్నవాళ్లకు కొన్ని మాస్కులు కుదరవు, ముక్కు రంధ్రాల దగ్గర పెట్టుకునే చిన్న రకం అడగండి. ఒక రకం కుదరకపోతే ఇంకో రకం, అంతేగాని మెషిన్ మూల పెట్టొద్దు.

శుభ్రం చేయడం ఎక్కువ పనేం కాదు, రోజూ చేస్తేనే తేలిక. లేవగానే నీళ్ల డబ్బాలో మిగిలింది పారబోయండి, డబ్బా ఆరనివ్వండి. మాస్కు ముఖానికి తగిలే మెత్తటి భాగాన్ని వాసన లేని సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడగండి. ముఖం జిడ్డు పేరుకుంటేనే గాలి కారేది. వారానికోసారి ట్యూబ్, నీళ్ల డబ్బా, పట్టీలు సబ్బు నీళ్లలో కడిగి, ఎండ తగలని చోట ఆరబెట్టండి. బాత్రూం షవర్ రాడ్‌కు ట్యూబ్ వేలాడదీస్తే నీళ్లన్నీ కారిపోతాయి. బ్లీచ్, స్పిరిట్, డెటాల్ లాంటివి, వాసన నూనెలు వద్దు. ఆ వాసనంతా రాత్రి మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

డబ్బాలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. వాల్‌మార్ట్‌లో గ్యాలన్ డబ్బాలు ఉంటాయి, లేబుల్ మీద డిస్టిల్డ్ అని చూసి తీసుకోండి, పక్కనే స్ప్రింగ్ వాటర్ కూడా ఉంటుంది. నల్లా నీళ్లు పోస్తే తెల్లటి చారలు కడుతుంది, క్రిములూ చేరతాయి. చలికాలంలో చల్లటి రూములో ట్యూబులో నీటి చుక్కలు చేరి ముఖం మీద పడతాయి. మెషిన్‌ను మంచం కంటే కింద స్టూల్ మీద పెట్టండి, ట్యూబును దుప్పటి లోపల నుంచి తీసుకోండి, తగ్గుతుంది.

ఫిల్టర్ సంగతి మన పని చేసేవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. కంప్రెసర్ ఫిల్టర్ దుమ్ము పట్టితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. డ్రైవాల్ పొడి, సిమెంట్ దుమ్ము బట్టలతోపాటు రూముకు వస్తుంది. పని బట్టలు మెషిన్ ఉన్న వైపు విడవకండి, మెషిన్‌ను నేల మీద పెట్టకండి. కాగితం లాంటి తెల్ల ఫిల్టర్‌ను కడగకూడదు, రంగు మారితే మార్చేయడమే. కొన్ని మెషిన్లకు కడిగి వాడే ఫిల్టర్ వేరే ఉంటుంది, మెషిన్‌తో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ చూసి పోల్చుకోండి. ఇంకో మాట, సప్లై కంపెనీలు మూడు నెలలకోసారి మాస్కు, ట్యూబ్ వాటంతట అవే పంపి బిల్లు వేస్తుంటాయి. చిరగకుండా, గాలి కారకుండా ఉంటే ఇంకా వాడుకోవచ్చు. ఆటోమేటిక్‌గా పంపొద్దని ఫోన్ చేసి చెప్పండి.

ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. అవి కొనకండి. వాటికి తమ అనుమతి లేదని ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది. సబ్బు నీళ్లు చాలు.

సెకండ్ హ్యాండ్ మెషిన్ తక్కువకు వస్తుందని ఫేస్‌బుక్‌లో చూసి కొనేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ కంపెనీ లక్షల మెషిన్లను వెనక్కి పిలిచింది. శబ్దం రాకుండా లోపల పెట్టిన ఫోమ్ పొడి పొడిగా రాలి, ఆ రేణువులు, వాయువులు గాలిలో కలిసి మనిషి పీల్చే ప్రమాదం ఉందని. మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ మెషిన్లు కూడా అందులో ఉన్నాయి. 2024లో ఆ కంపెనీ బాధితుల కేసుల కోసం 110 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అట్లాంటి పాత మెషిన్లు ఇప్పటికీ చేతులు మారుతుండొచ్చు. అడుగున ఉన్న సీరియల్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అసలు ఇంకొకరి ప్రెషర్ పెట్టిన మెషిన్ మీకు పనికిరాదు. ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండా సీప్యాప్ అమ్మకూడదు. మాస్కులో అయస్కాంతం క్లిప్పులు ఉంటే, పేస్‌మేకర్ లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లు, వాళ్ల పక్కన పడుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

ఇన్సూరెన్స్ మీద మెషిన్ వచ్చినవాళ్లకు ఒక లెక్క ఉంది. మీరు ఎన్ని గంటలు పెట్టుకున్నారో చాలా మెషిన్లు సిగ్నల్ ద్వారా పంపేస్తాయి. మెడికేర్ రూలు ప్రకారం మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల్లో, నూటికి 70 రాత్రులు కనీసం 4 గంటలు వాడి ఉండాలి. చాలా ప్రైవేట్ ఇన్సూరెన్సులూ ఇదే పద్ధతి పాటిస్తాయి. లేకపోతే డబ్బు ఆపేస్తారు, మెషిన్ వెనక్కి అడుగుతారు. నైట్ షిఫ్ట్ వాళ్లు పగలు పడుకున్నా పెట్టుకోండి, అదీ లెక్కలోకి వస్తుంది. మధ్యాహ్నం కునుక్కి కూడా పెట్టుకోవాలి.

శనివారం రాత్రి మందు సంగతి కూడా చెప్పాలి, నచ్చకపోయినా. మందు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. నిద్రమాత్రలు కూడా కొన్ని అంతే, డాక్టర్‌కు చెప్పకుండా వేసుకోకండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి తగ్గుతుంది. బరువు తగ్గితే బాగా తగ్గుతుంది. 2024 డిసెంబర్‌లో జెప్‌బౌండ్ అనే ఇంజెక్షన్‌కు, ఊబకాయంతో పాటు మధ్య స్థాయి, తీవ్ర స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ల కోసం ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఖరీదు ఎక్కువ. కొందరికి దంతాల డాక్టర్ చేసే దవడ పరికరం కూడా సరిపోతుంది.

ఊరికి వెళ్లేటప్పుడు మెషిన్‌ను లగేజీలో వేయకండి, చేతిలో పట్టుకెళ్లండి. అమెరికా విమాన నిబంధనల ప్రకారం అది మీ చేతి సంచుల లెక్కలోకి రాదు. సెక్యూరిటీ దగ్గర మెషిన్ బయటికి తీసి ట్రేలో పెట్టాలి, మాస్కు, ట్యూబ్ సంచిలోనే ఉండనివ్వండి. నీళ్ల డబ్బా ఖాళీ చేసి పెట్టండి. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే మన ఊళ్లో 230కి పనిచేస్తుంది, ప్లగ్ మార్చే పిన్ను ఒకటి చాలు. ఊళ్లో మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు డిస్టిల్డ్ కావు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు అసలు వద్దు. మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. దొరకని నాలుగు రోజులు తేమ ఆపేసి వట్టి గాలితో పడుకోండి, కొంచెం ముక్కు ఎండుతుంది గానీ మెషిన్ మానొద్దు. కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టర్ లైనుకు పెట్టుకోండి, తేమ ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

వచ్చే ఆదివారం మెషిన్ ఉన్నవాళ్లు దాన్ని, మాస్కుతో సహా తెచ్చుకోండి. ఫిల్టర్ ఎక్కడుందో, సీరియల్ నంబర్ ఎక్కడుందో అందరివీ కూర్చుని చూద్దాం. అందరి ముందు తేవడం ఇబ్బంది అనుకునేవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, పని అయ్యాక నేనే మీ రూముకు వస్తా.