మిద్దె మీది చౌడు



పుట్టి పెరిగిన ఇంటిని గురించి చెప్పాలంటే, మా ప్రాంతంలో ముందుగా మిద్దెను గురించి చెప్పాలి. మాది బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని సిరిగేరి. నా చిన్నతనంలో మా వీధిలో ఎక్కువగా మట్టిమిద్దెలే ఉండేవి. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెపుల్లలు, బోద పరిచి, మట్టి మెత్తి, అన్నిటికీ పైన చౌడు పోసేవారు. చౌడునేలలో పైరు సరిగా రాదు. కానీ అదే చౌడు మిద్దె మీద వానకు తడిసి, సందులు పూడ్చి, నీటిని కిందికి దిగనీయదు. అయితే ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. ఒక్క ఏడు మరిచినా ఇల్లు కురుస్తుంది.

నాన్న పోయిన తరువాత అన్నకూ నాకూ పంపకాలు జరిగాయి. కాలువ కింది రెండెకరాల దగ్గర మాటా మాటా పెరిగింది. ఇంటి నడుమ గోడ లేచింది. నా భాగానికి తాళం వేసుకుని, ఉద్యోగం చూసుకుని ఆదోని చేరాను.

1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని ఆంధ్ర రాష్ట్రానికీ, సిరుగుప్ప మైసూరు రాష్ట్రానికీ వెళ్ళాయి. అయినా పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆగలేదు. తుంగభద్ర దిగువ కాలువ నేటికీ మా తాలూకా మీదుగానే ఆదోని వైపు పారుతుంది. రాష్ట్రాల సరిహద్దు చేయలేని పనిని మా ఇంటి గోడ చేసింది. బస్సెక్కితే ఒక పూటలో చేరే ఊరికి నేను పద్దెనిమిదేళ్ళు వెళ్ళలేదు.

నిరుడు కార్తీకంలో వెళ్ళాను. ప్రేమ పుట్టి కాదు, నా భాగం అమ్ముదామని. దంతెలు పుచ్చి, మిద్దె కూలి ఉంటుందనుకుంటూ తాళం తీశాను. లోపల దుమ్ము తప్ప ఏమీ లేదు. గోడల మీద ఒక్క నీటిచార కూడా లేదు. పైకి చూస్తే, అమ్మ వంట చేసిన పొయ్యికి నేరుగా పైనున్న గవాక్షి మీద ఎవరో రేకు కప్పి ఉంచారు.

అలికిడి విని వదిన వచ్చింది. "ఎప్పుడొస్తివప్పా?" అంది, నిన్ననే చూసినట్టు. నేను మిద్దెకేసి చూస్తుంటే తానే చెప్పింది. "మీ అన్న ఏటా ఏరువాక పున్నమికి ముందు రెండు బండ్ల చౌడు తోలిస్తాడు. ఒకటి మాకు, ఒకటి మీకు."

సాయంత్రం పొలం నుంచి అన్న వచ్చాడు. అడిగితే ముఖం తిప్పుకున్నాడు. "నీమీద ప్రేమతో కాదులే. నీ పక్క కురిస్తే నా గోడ నానదా?" అన్నాడు. ఆ మాటా నిజమే. కానీ గవాక్షి ఉన్నది నడిమిగోడ దగ్గర కాదు, అవతలి మూలన. అక్కడ ఎంత వాన పడినా అన్న గోడ తడవదు. ఆ సంగతి నేను అనలేదు. వదిన పెట్టిన ఉగ్గాని తింటూ ఇద్దరం ఊరుకున్నాం.

అన్న మనవరాలు కన్నడ బడిలో చదువుతోంది. నా దగ్గరికి వచ్చి, "తాతా, ఇది నీ మనెనా, మా మనెనా?" అంది. నాకు జవాబు తోచలేదు. అన్నే చెప్పాడు. "గోడలు రెండైనా మిద్దె ఒకటేనమ్మా."

ఇల్లు అమ్మలేదు. ఈ ఏడు జ్యేష్ఠంలో చౌడు తోలే రోజుకు నేనూ వెళ్ళాను. ఈ వయసులో నాలుగు గంపలే మోయగలిగాను. అన్న మిద్దె మీద నిలబడి అందుకున్నాడు. రెండెకరాల సంగతి ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు దాన్ని గురించి కూర్చుని మాట్లాడుకోగలుగుతున్నాం.

ఇప్పుడు మా ఊళ్ళోనూ సిమెంటు మిద్దెలు వచ్చాయి. వాటికి చౌడుతో పనిలేదు. మనుషుల మధ్య చుట్టరికం మాత్రం ఇంకా మట్టిమిద్దె లాంటిదే. ఏటా ఎవరో ఒకరు ఒక గంప పోస్తేనే నిలుస్తుంది. మీకూ ఎక్కడైనా తాళం వేసిన ఇల్లు ఉంటే, వానలు రాకముందే ఒకసారి వెళ్ళి మిద్దెక్కి చూడండి. మీ వంతు చౌడు ఇన్నాళ్ళూ ఎవరు పోస్తున్నారో తెలుస్తుంది.