పాత క్యాసెట్లూ, కొత్త ఫోన్లూ ఒకే చిత్రంలో
(ఇటిక్యాలలో సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కుటుంబాల పాత వీడియోలన్నీ పోగుచేసి ఒక చిత్రంగా కూర్చాలని సంఘంలో అనుకున్నప్పటి నుంచి, ఏ ఇంట్లో చూసినా బీరువా మీది నుంచి ఒక అట్టపెట్టె దిగుతున్నది. అందులో వి.హెచ్.ఎస్. నిఖా క్యాసెట్లుంటాయి, ఆ తరువాతి కాలపు చిన్న మినీ డీవీ క్యాసెట్లుంటాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు, అలంపురం ప్రాంతాలు మునిగినప్పుడు బటన్ల ఫోన్లతో తీసిన తునకలు కొందరి దగ్గరున్నాయి. వీటికి తోడు ఇప్పటి స్మార్టుఫోన్ల వలీమాలు సరే సరి. "అన్నీ కంప్యూటర్లో వేస్తే అదే కలిసిపోతుంది గదా" అంటున్నారు మన కుర్రవాళ్ళు. అలా కలవదు. ఏ పద్ధతిన కలపాలో నాలుగు మాటలు మనవి చేస్తాం.

ముందుగా తొందరపడవలసిన సంగతి. జపాను దేశపు ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపివేసింది. ఆనాటికి వాటిని తయారుచేస్తున్న చివరి కంపెనీగా దానికే పేరు. ఇక దొరికేవన్నీ వాడిన మిషన్లే, వాటి హెడ్లు అరిగేవే. టేపు మీద తెల్లని బూజు పట్టివుంటే దాన్ని శుభ్రం చేయించకుండా మిషన్లో పెట్టవద్దు. ఆ బూజు హెడ్డుకు అంటి తరువాతి క్యాసెట్టుకూ పాకుతుంది. ఈ క్యాసెట్లలో ఉన్నది దావత్ సందడి ఒక్కటే కాదు. గల్ఫులో ఉండి నిఖాకు రాలేని కొడుకు కోసం కెమెరా వైపు తిరిగి అబ్బాజాన్ రెండు మాటలు చెప్పివుంటారు. ఆయన గొంతు మరెక్కడా దొరకదు.

అందుచేత కాపీ ఒక్కసారే, మంచిగా తీయాలి. అంగళ్ళలో డీవీడీ చేసి ఇస్తామంటారు. చూసుకోవడానికి అది చాలు, ఎడిటింగుకు చాలదు. కారణం ఏమంటే, డీవీడీలోనూ ఫోను వీడియోలోనూ ప్రతి బొమ్మ పూర్తిగా ఉండదు. ఒక బొమ్మ నిండుగా రాసి, తరువాతి వాటిలో మారింది మాత్రమే రాస్తారు. దుకాణం ఖాతాలో నిల్వ వేయకుండా రోజువారీ తేడాలే రాసినట్టు. మధ్యలో కోయాలంటే కంప్యూటరు వెనక్కి వెళ్ళి లెక్కంతా కట్టుకోవాలి, మళ్ళీ కుదించినప్పుడల్లా బొమ్మ మరికొంత చెడుతుంది.

మినీ డీవీ క్యాసెట్టు సంగతి సులువు. అందులో ఉన్నది ముందే డిజిటల్. ఫైర్‌వైరు తీగ ద్వారా ఉన్నది ఉన్నట్టు దించుకోవాలి. గంటకు 13 జీబీ పడుతుంది, అంతే. దాన్ని టీవీకి పెట్టే ఎరుపు, తెలుపు, పసుపు తీగల గుండా తీయడం అనవసరపు నష్టం. వి.హెచ్.ఎస్.ను మాత్రం ఆ తీగలతోనే తీయక తప్పదు. ఏ కుదింపూ లేకుండా తీస్తే గంటకు సుమారు 75 జీబీ. అంత స్థలం లేనివారు డీవీ రకంలో తీసుకున్నా మన పనికి సరిపోతుంది. ఎంపీ4 మాత్రం వద్దు.

ఇక అసలు చిక్కు వేగంలో ఉంది. మన దేశపు టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా పద్ధతి ఎన్‌టిఎస్‌సి, సుమారు 30. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్టు ఇక్కడి మామూలు వీసీఆర్‌లో సరిగా ఆడదు, రెండు పద్ధతులూ చదివే మిషను వెతకాలి. ఫోన్లు సాధారణంగా 30లో తీస్తాయి, అదీ నికరంగా కాదు. వెలుతురు తగ్గితే వేగం తగ్గుతుంది. అలాంటి ఫైలును నేరుగా ఎడిటింగులో వేస్తే కొంతసేపటికి పెదవులు ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్టువేరులో ముందు నికరమైన వేగానికి మార్చుకుని, ఆ తరువాతే కూర్పుకు తీసుకోవాలి. మార్చేటప్పుడు నాణ్యత బాగా ఎక్కువలో పెట్టండి, ఫైలు పెద్దదైనా ఫరవాలేదు.

మరి చిత్రమంతా 25లో పెట్టాలా, 30లో పెట్టాలా? మా అభిప్రాయం 25. మన దగ్గర విలువైనదంతా 25లో ఉంది, తిరిగి తీయలేనిదీ అదే. ఫోను తునకలో సెకనుకు అయిదు బొమ్మలు పోతే కెమెరా పక్కకు తిరిగినప్పుడు కాస్త కుదుపు కనిపిస్తుంది, భరించవచ్చు. నాలుగు తునకల కోసం పాత క్యాసెట్లన్నింటినీ మార్చడం న్యాయం కాదు. ఇకమీదట బుజుర్గులతో మాట్లాడించి తీసేవారు ఫోను సెట్టింగులో 25 ఉంటే అదే పెట్టండి. మన కరెంటు 50 సైకిళ్ళది గనుక షట్టరు 50లో పెడితే ట్యూబులైటు మినుకూ తగ్గుతుంది.

పాత కెమెరాలు ఒక్కో బొమ్మను రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసేవి. వాటిని అలాగే పెద్దది చేస్తే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళు కనిపిస్తాయి. ముందు డీఇంటర్‌లేస్ చేసి, తరువాతే సైజు మార్చాలి. ఈ వరుస తప్పకూడదు. మరొకటి, పాల్ ఫైలు 720, 576 చుక్కలని చూపినా బొమ్మ ఆకారం మాత్రం 4:3. దాన్ని కొత్త వెడల్పు తెరకు సాగదీస్తే దుల్హన్ తల్లి గుర్తుపట్టలేనంత లావవుతుంది! 1920, 1080 తెరలో 1440 వెడల్పున నడుమ నిలిపి, పక్కల నలుపు వదలండి. వరద తునకల్లో కొన్ని 320, 240 చుక్కలవే. వాటిని తెరనిండా చేయక చిన్నవిగానే చూపితే నీళ్ళూ మనుషులూ తెలుస్తారు.

కూర్పు సమయంలో అన్నింటినీ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ గానీ, ప్రోరెస్ గానీ ఒకే రకంలోకి మార్చుకుంటే పాత కంప్యూటరు కూడా తట్టుకుంటుంది. వీటిలో ప్రతి బొమ్మా నిండుగా ఉంటుంది. శబ్దం అంతా 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. చివరి చిత్రం మాత్రం ఎంపీ4గా ఇంటింటికీ ఇవ్వవచ్చు. వాట్సాపులో పంపితే అది మరింత కుదిస్తుంది, పెన్‌డ్రైవే మేలు.

ఒక సున్నితమైన విషయం. జనానాలో తీసిన క్యాసెట్లు అంగడికి ఇవ్వడానికి చాలా ఇళ్ళలో వెనకాడుతున్నారు, అది సబబే. అవి కాపీ తీయడం, అందులో ఏది ఉంచాలో, ఏది తీయాలో చూడడం మన చెల్లెళ్ళు, కూతుళ్ళే చేయాలి. కంప్యూటరు నేర్చిన అమ్మాయిలు మన ఇళ్ళల్లో ఉన్నారు. ఆ ఇంటి ఆడవారు వద్దన్న ముక్క ఎంత బాగున్నా చిత్రంలోకి రాదు.

క్యాసెట్లు తెచ్చేవారు ముందుగా వి.హెచ్.ఎస్. వెనుకనున్న చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేయండి, పొరపాటున దాని మీద మళ్ళీ రికార్డు కాదు. మినీ డీవీకైతే పక్కనున్న చిన్న మీటను 'సేవ్' వైపు జరపండి. ఎవరి నిఖా, ఏ సంవత్సరం, అందులో కనిపించే మర్హూమ్‌ల పేర్లు కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. కాపీ అయిన వెంటనే క్యాసెట్టు మీ ఇంటికే తిరిగి వస్తుంది. కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి సంఘం డిస్కులో ఉంటుంది.