కుందేలు మిరియాల్లో పడిన కథ

ఇవాళ ఒక్క జర్మన్ వంట గురించే మాట్లాడుకుందాం. పేరు హాజెన్‌ఫెఫర్. హాజె అంటే అడవి కుందేలు, ఫెఫర్ అంటే మిరియాలు. నేను పప్పులో కాలేసింది కూడా సరిగ్గా ఇక్కడే.

మేం ఉండేది న్యూరెంబర్గ్ దగ్గర. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటారు. ఆవిడ భర్తకి వేట లైసెన్స్ ఉండేది. రెండేళ్ల కిందట జనవరిలో పోయారు. అంతకు ముందు నెలలో ఆయన కొట్టిన కుందేలు ఒకటి ఫ్రీజర్లో అలాగే ఉండిపోయింది. ఆ నవంబర్లో ఆవిడ మా తలుపు తట్టి, "ఇంకా ఉంచితే పాడైపోతుంది. నా చేతులు కత్తి పట్టలేవు. వచ్చి కోసిపెడతారా?" అని అడిగారు.

వెళ్ళాను. ముక్కలు కొట్టాను. ఆవిడ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ చెప్తుంటే గిన్నెలో వేశాను: ఉల్లిపాయ, క్యారెట్, లవంగాలు, బే ఆకులు, జునిపర్ పళ్ళు, నాలుగు మిరియం గింజలు. పైన రెడ్ వైన్, కొంచెం వెనిగర్. చల్లటి చోట రెండు రోజులు నానాలి. ఇంతలో ఫోన్ మోగి ఆవిడ అవతలి గదిలోకి వెళ్ళారు. నాకేమో డౌటు. పేరులోనే మిరియాలుంటే నాలుగు గింజలేంటి? పాపం పెద్దావిడ మర్చిపోయారేమో అనుకుని, గుప్పెడు మిరియాలు దంచి పోసేశాను. మనవాళ్ళ చెయ్యి కదా!

మర్నాడు మూత తీసి వాసన చూసి ఆవిడ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ ఇంట్లో అలాంటి కుందేలు ఇంకోటి ఇక ఉండదు. ఇద్దరం కలిసి ముక్కలన్నీ కడిగి, ఆ వైన్ పారబోసి, మళ్ళీ మొదట్నుంచి నానబెట్టాం. అప్పుడు చెప్పారు. పాతకాలం జర్మన్ వంటింట్లో ‘ఫెఫర్’ అంటే మసాలా వేసి చిక్కగా చేసిన పులుసు కూడానట. చిక్కదనం జంతువు రక్తం నుంచే వచ్చేది. గడ్డకట్టకుండా అందులో కాస్త వెనిగర్ కలిపి, చివర్లో పోసి, ఆపైన మరగనివ్వరు. తెలంగాణలో మేక నల్ల వండుకునేవాళ్ళకి ఇది వింతేం కాదు.

మా దగ్గర రక్తం లేదు కాబట్టి ఆవిడ లేబ్‌కూఖెన్, అంటే ఈ ఊరి మసాలా కేకు, పొడి చేసి వేయించారు. ముందు ముక్కల్ని పంది కొవ్వులో ఎర్రగా వేయించి, నానిన వైన్ వడకట్టి పోసి, సన్న సెగ మీద రెండు గంటల పైన ఉడికించాం. పక్కన ఆలుగడ్డ ఉండలు, ఎర్ర క్యాబేజీ. పులుపూ, కొంచెం తీపీ. గోంగూర మాంసం తిన్న నాలుక్కి ఆ పులుపు కొత్తగా అనిపించదు.

జర్మన్లో ఒక సామెత ఉంది: "డా లీక్ట్ డెర్ హాజె ఇమ్ ఫెఫర్". కుందేలు పడున్నది ఆ పులుసులోనే అని. అసలు చిక్కు అక్కడే ఉంది అన్నమాట. ఆవిడ నన్ను చూసి అదే అని నవ్వారు. నా చిక్కేంటో నాకూ అర్థమైంది. ఎదురుగా మనిషి నాలుగు గింజలు అని చెప్తుంటే, నేను పేరుని నమ్మాను.

తింటుంటే ఆవిడ పంటికి ఏదో తగిలింది. సన్నటి తుపాకీ రవ్వ. వేటాడిన మాంసంలో ఒక్కోసారి వస్తాయి, చూసుకుని తినాలి. నా ప్లేటులో ఇంకోటి దొరికింది. ఆవిడ రెండూ కడిగి, తుడిచి, చిన్న అగ్గిపెట్టెలో పెట్టుకున్నారు. "ఇవి ఆయనవి" అన్నారు, అంతే.

మీరు చెయ్యాలనుకుంటే ఫారం కుందేలుతో చెయ్యండి, మార్కెట్లో దొరుకుతుంది, త్వరగా ఉడుకుతుంది. ఇండియాలో వింటున్నవాళ్ళకి ఒక మాట: అక్కడ అడవి కుందేలు వేట చట్టరీత్యా నేరం, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది.

మిరియాలు మాత్రం నాలుగే. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.