భూమి లెక్కలు – వంశవృక్షములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



"పట్టా మా పేర నున్నది గనుక వంశము మాదే" యనువారు కొందరు. "వంశము మాది గనుక పొలము మాదే" యనువారు మరికొందరు. ఈ రెండు మాటలును వేర్వేరు. భూమి లెక్క ప్రధానముగ శిస్తు చెల్లించిన వానిని చెప్పును. ఎవరు ఎవరికి పుట్టిరో చెప్పుట దాని పని కాదు.

ఇందుకు గుంటూరు సీమలోనే నిదర్శనము కలదు. అమరావతి ప్రభువగు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తొలుత జగన్నాథబాబును, పిదప రామనాథబాబును దత్తు గొనెను. 1816లో ఆయన గతించిన వెనుక వారసత్వ వివాదము ప్రబలెను. జగన్నాథబాబు భార్యలగు రంగమ్మ, అచ్చమ్మల వ్యాజ్యము సముద్రము దాటి ప్రీవీ కౌన్సిలునకు పోయెను. అపుత్రునకే దత్తాధికారమని దత్తకమీమాంస, దత్తకచంద్రికలు చెప్పును. తొలి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846 నాటి వ్యాజ్యమున నిర్ణయమయ్యెను. ఈలోగా 1832–33 నాటి నందన కరవును, పేరుకొనిన బకాయిలును సంస్థానమును మ్రింగినవి. భూములు సర్కారు వశమయ్యెను. వంశము తేలునప్పటికి భూమి మిగులలేదు!

మన దర్శి ప్రాంతము పూర్వము వెంకటగిరి జమీలోనిది. 1948 నాటి చట్టముతో జమీలు రద్దయినపుడు పాత కాగితములన్నియు వెలికి వచ్చినవి. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను రిజిస్టరులో మూలగ్రహీత పేరును, నాటి అనుభవదారు పేరును కలవు. కాని నడుమనున్న తరములను అనుభవదారు చెప్పినట్లే వ్రాసికొని యుండవచ్చును.

మరియొక చిక్కు కలదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. సంవత్సర నామము అరువదేండ్ల కొకమారు తిరిగి వచ్చును. "నందన" యని మాత్రమే యున్న దస్తావేజు 1832 నాటిదా, 1892 నాటిదా? తాతదా, మనుమనిదా? ఫసలీ యున్నచో 590 కలిపినయెడల క్రీస్తుశకము తేలును. లేనిచో ఇరువురు ఒక్కరగుదురు. ఒక తరము మాయమగును.

కావున రిజిస్టరు ఒక్కటే చాలదు. ఎవరికెవరు పదిదినములు మైల పట్టిరో, తద్దినమున ఏ మూడు తరముల పేర్లు చెప్పుకొనిరో, ఇంటి ముసలమ్మ నడిగి వ్రాసికొనవలెను. రెండును సరిపోలిననే వంశవృక్షము నిలుచును. సరిపోలనిచోట ఖాళీగా విడుచుట మేలు. ఆ ఖాళీని ఊహతో నింపుటవలననే జ్ఞాతులు పలుకరించుకొనుట మానుదురు.

గ్రంథాలయమున నొక బీరువాను ఇట్టి నకళ్ళకై కేటాయించిన, న్యాయస్థానమునకు పోకమునుపే పాలివారు కలిసి కూర్చుండి చదువుకొనగలరు.