రిఫరీ యీల, యంత్రపు కన్ను

సంక్రాంతినాళ్లలో మన కృష్ణా డెల్టా గ్రామములందు, కోత కోసిన మడిలో చెడుగుడు పందెములు జరుగుట శ్రోతలు చూచియే యుందురు. కూత తెగకముందు తాకినాడా, తెగిన తరువాత తాకినాడా యని రెండు జట్లును వాదులాడును. గట్టుమీది పెద్ద యొకరు చెప్పిన మాటతో తగవు తీరును. ఆయన కన్ను పొరబడదని కాదు; ఆయన పక్షపాతి కాడని ఊరి నమ్మకము. ఫుట్‌బాల్ రిఫరీ యీలకు విలువ వచ్చినదియు నిట్టి నమ్మకము వలననే. నేడు ఆ కంటికి తోడుగా యంత్రపు కన్ను వచ్చినది. దాని మేలెంత, హద్దెక్కడ అని ఆలోచింతము.

తోడు కావలసివచ్చిన కారణము స్పష్టమే. 1986లో మెక్సికో నగరమున, ప్రపంచకప్ క్వార్టర్ ఫైనలులో మారడోనా చేతితో బంతిని గోలులోనికి త్రోసెను. ఇంగ్లండు వారెంత మొరపెట్టినను గోలు నిలిచెను. మన దేశమునకును అట్టి దెబ్బ తగిలినది. 2024 జూన్ 11న దోహాలో ఖతర్‌తో ప్రపంచకప్ అర్హత పోటీ. 37వ నిమిషమున ఛాంగ్తే చేసిన గోలుతో మనవారు ముందంజ వేసిరి. 73వ నిమిషమున బంతి గోలు ప్రక్కన గీత దాటి వెలుపలికి పోయెను. ఖతర్ ఆటగాడొకడు దానిని వెనుకకు లాగెను; మరియొకడు గోలు చేసెను. రిఫరీ దానిని అంగీకరించెను. ఆ పోటీలో దృశ్య పరిశీలన లేదు. 2-1తో ఓడిన మనవారు తదుపరి దశకు చేరలేకపోయిరి. టెలివిజన్‌లో మరల చూచినవారికి తెలిసిన సంగతి తీర్పరికి తెలియకపోవుట ఎంతటి వింత!

2018లో దృశ్య పరిశీలనను ఫుట్‌బాల్ చట్టములలో చేర్చిరి. ఆ యేడే రష్యా ప్రపంచకప్‌లో అమలు జరిపిరి. అప్పుడు దానిని నాలుగు విషయములకే పరిమితము చేసిరి: గోలు, పెనాల్టీ, నేరుగా చూపు ఎర్రకార్డు, ఒకరికి బదులు మరియొకరిని శిక్షించుట. తెరల ముందున్న సహాయ రిఫరీ స్పష్టమైన పొరపాటు కనబడినప్పుడు తెలుపును. అవసరమైనచో రిఫరీ మైదానపు అంచునగల తెరలో తానే చూచును. కడపటి తీర్పు ఆయనదే.

అయినను బొమ్మ కనబడినంతనే న్యాయము తేలదు. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో భారత, ఇరాన్ కబడ్డీ ఫైనలు 28-28 వద్ద నుండగా, లాబీలో అడుగిడిన ఆటగాండ్రను గురించి వివాదము పుట్టెను. దృశ్యమును మరల మరల చూచిరి; తీర్పు పలుమారులు మారెను; ఆట చాలసేపు నిలిచిపోయెను. తుదకు మనవారు 33-29తో గెలిచిరి. అచట సందేహము కాలు ఎచట పడినదని కాదు, ఏ నిబంధన వర్తించునని.

మన ప్రకాశం బ్యారేజీ కాలువలనే తీసికొందము. కొలతబద్ద నీటిమట్టమును చెప్పును. శివారు రైతునకు ఎంత నీరు వదలవలెనో చెప్పదు. అది మనుష్యులు తేల్చవలసినది. బంతి గీత దాటినదా యన్నది కొలత. మోసము చేసినాడా యన్నది విచారణ.

మన బడిపిల్లలు ఆడుకొను మైదానములలో నలువైపుల కెమెరాలు ఉండవు. అచట ఈల పట్టిన ఉపాధ్యాయుడే తీర్పరి. కావున ఆయనకు నిబంధనలు క్షుణ్ణముగా తెలియవలెను. తీర్పు చెప్పినప్పుడు, ఓడిన పిల్లవాని తలిదండ్రులు ఆయనపై కేకలు వేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ‘అయ్యా, బంతి నా చేతికి తగిలినది’ అని తానే చెప్పిన బాలుని మనము మెచ్చుకొనవలెను. ఏ యంత్రమును చూడని దానిని ఆ బాలుడు చూపినాడు గదా!