మార్కులు పిల్లలకా? ఇళ్ళకా?

(పల్నాడులోని ఒక పల్లెలో, కమ్యూనిటీ హాలు ముందు జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ మిరప చేలో నడుము వంచి, ఇంటికొచ్చి కూడొండి, చంటిబిడ్డల్ని చంకనేసుకుని వచ్చారు. అందుకని డొంకతిరుగుడు లేకుండా చెబుతాం. ఇవాళ మనం మాట్లాడుకునేది హోంవర్క్ గురించి, మార్కుల గురించి.

ఇది సంఘం సభలో మాట్లాడాల్సిన సంగతేనా అని కొందరు తమ్ముళ్ళు అడిగారు. భూమి ఉంది, కూలి రేటు ఉంది, దాడులు ఉన్నాయి, రిజర్వేషన్లు ఉన్నాయి, ఇవన్నీ వదిలి హోంవర్క్ ఏంటి మాస్టారూ అన్నారు. రిజర్వేషన్ సీటు ఎక్కడుంది తమ్ముళ్ళారా? పదో తరగతి దాటి, కాలేజీ గేటు దాటినాక ఉంది. ఆరో తరగతిలోనే బడి వదిలి మిరప చేలోకి వచ్చిన పిల్లాడికి ఏ రిజర్వేషన్ అందుతుంది? ఆ పిల్లాడిని ఎవడూ కర్ర పట్టుకుని తరమలేదు. ఎర్ర సిరాతో తరిమారు. అందుకే ఇది సంఘం పనే.

సాయంత్రం గంట కొట్టే ముందు అయ్యవారు బోర్డు మీద రాస్తారు. ఐదు లెక్కలు, పది ఇంగ్లీషు మాటలు, ఒక్కోటి మూడుసార్లు. ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు లేచి వెళతారు. ఒకడు ఊళ్ళోకి పోతాడు. అక్కడ కుర్చీ, బల్ల, ఫ్యాను ఉంటాయి. తెలియకపోతే చెప్పడానికి నాన్న ఉంటాడు, లేకుంటే ట్యూషన్ ఉంటుంది. రెండోవాడు పల్లెకొస్తాడు. అమ్మ చేలోంచి ఇంకా రాలేదు. తమ్ముడిని ఆడించాలి, పంపు కాడ నీళ్ళు పట్టాలి, గేదెను కట్టేయాలి. చీకటి పడ్డాక ఆ ఒక్క గదిలోనే వంట, టీవీ, చుట్టాలు, పడక. తెల్లారితే ఇద్దరి నోటు పుస్తకాలూ ఒకే బల్ల మీదికి వస్తాయి. ఒక దానికి టిక్కు, 'వెరీ గుడ్'. ఇంకొక దానికి ఎర్ర గీత, గోడ కుర్చీ. ఏం తూచారిక్కడ? పిల్లాడి తెలివినా? కాదు. పిల్లాడి ఇంటిని తూచారు. ఇంటికి వేసిన మార్కును పిల్లాడి నొసట రాశారు.

ఇక ఆడపిల్లల సంగతి. హోంవర్క్‌ని తెలుగులో 'ఇంటిపని' అంటారు. మన పిల్లకు ఆ మాట చెబితే గిన్నెలు తోమడం అనుకుంటుంది. తప్పేముంది? ఆ పని అయ్యాకే గదా పుస్తకం పట్టుకునేది! అప్పటికి కళ్ళు మూతలు పడతాయి. రెండు ఇంటిపనులు చేసే పిల్లకు ఒక్క దానికే మార్కులు. అవీ సున్నాలే.

మన జిల్లాల్లో మిరప కోతలు జోరుగా సాగేది జనవరి నుంచి. పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లలో. కోతలూ చదువులూ సరిగ్గా ఒకదాని మీదొకటి పడతాయి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇక్కడికి కోతలకు వలసొస్తాయి. చేల గట్ల మీద పరదా పట్టాలు కట్టుకుని ఉంటాయి. ఆ పిల్లలకు ఇల్లే ఇక్కడ లేదు. ఇల్లు లేనిచోట ఇంటిపని ఏంటి?

అమ్మలారా, మీరు కల్లంలో తాలు కాయలు ఏరతారు. తెల్లబడ్డ కాయ తాలు, దానికి రేటు తక్కువ. కాయ తాలైతే మీరు కాయను తిడతారా? కాయకు శ్రద్ధ లేదంటారా? తెగులొచ్చిందా, ఆరబెట్టినాక వాన తడిపిందా అని అడుగుతారు. మిరపకాయకు చేసే న్యాయం మన బిడ్డకు చెయ్యడం లేదు. 'వీడికి శ్రద్ధ లేదు, తల్లిదండ్రులు పట్టించుకోరు' అని రాసి పక్కకు ఏరేస్తున్నారు.

ఇక మార్కులు, గ్రేడ్ల గొడవ. ఉమ్మడి రాష్ట్రంలో 2012 పదో తరగతి ఫలితాల నుంచి మార్కులు తీసి గ్రేడ్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మళ్ళీ మార్కులు వచ్చాయి. తెలంగాణలో 2025లో గ్రేడు సగటు తీసి మార్కులు తెచ్చారు. సంచి మార్చారు గానీ కాటా మార్చలేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం అని ఒక పద్ధతి వచ్చింది. మాట మంచిదే. ఏడాది చివర ఒక్క పరీక్షతో కాక, ఏడాది పొడుగునా పిల్లల్ని గమనించమంది. కానీ అమల్లో ఏమైంది? నోటు పుస్తకానికిన్ని, ప్రాజెక్టుకిన్ని అని మార్కులు పంచారు. ప్రాజెక్టు అంటే చార్టు, థర్మోకోల్, స్కెచ్ పెన్నులు, ఇంటర్నెట్ సెంటర్లో రంగుల ప్రింటు. అవి కొనాలంటే అమ్మ కూలిడబ్బుల్లోంచి తీయాలి. మన పిల్లకు విత్తనం ఎప్పుడు నాటాలో తెలుసు, గేదె ఎప్పుడు ఈనుతుందో తెలుసు, డప్పు తోలు ఎట్లా కాచాలో తెలుసు. ఆ జ్ఞానానికి ప్రాజెక్టులో గడి లేదు.

పదో తరగతిలో ఇట్లాంటి వాటికి 20 అంతర్గత మార్కులు కలిపేవారు. ప్రైవేటు బళ్ళు ఇష్టమొచ్చినట్టు వేసుకుంటున్నాయన్న ఆరోపణల మీద ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని ఎత్తేసింది. తెలంగాణలో 2025 మార్చి పరీక్షల్లోనూ అవి ఉన్నాయి. 20 మార్కులే గదా అనుకోవద్దు. కరోనా కాలంలో, 2020లోనూ 2021లోనూ, పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అందర్నీ పాస్ చేశారు. మరి గ్రేడ్లు దేన్ని బట్టి ఇచ్చారు? రెండు రాష్ట్రాల్లోనూ బళ్ళో వేసుకున్న మార్కుల్ని బట్టే! అంటే ఇంటిని తూచిన కాటాయే సర్టిఫికెట్ అయి కూర్చుంది. ఆ కాలంలోనే చదువు సెల్‌ఫోన్‌లోకి వెళ్ళింది. స్మార్ట్ ఫోన్ లేని ఇంటికి పాఠమూ రాలేదు, హోంవర్కూ రాలేదు.

ఇక్కడ బాబాసాహెబ్ మార్కులు చెప్పాలి. 1907లో ఆయన మెట్రిక్యులేషన్ పాసయ్యారు. 750కి 282 మార్కులు. నూటికి 38 కూడా కాదు. మన గ్రేడు పట్టికలో పెడితే కింద నుంచి రెండో మెట్టు. బొంబాయి పరేల్‌లో ఒక్క గది ఇల్లు. ఇల్లు నిద్రపోయాకే ఆయనకు చదువు. తండ్రి రాంజీ అర్ధరాత్రి దాటాక రెండింటికి లేపితే అప్పుడు పుస్తకం పట్టేవారు. ఆరేళ్ళ తర్వాత, 1913లో, అదే మనిషి బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. ఆ తర్వాత లండన్‌లో డి.ఎస్‌సి. తెచ్చుకున్నారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడయ్యారు. ఆరేళ్ళలో ఆయన బుర్ర మారిందా? బుర్ర అదే. చదువుకునే వెసులుబాటు, చేతి నిండా పుస్తకాలు దొరికాయి. ఆ 282 ఎవరి మార్కులు? అంబేద్కర్ మార్కులా, ఆ ఒక్క గది మార్కులా?

'మరి హోంవర్క్ వద్దంటే మన పిల్లలు ఇంకా వెనకబడరా?' అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. అక్కా, మనం చదువు తగ్గించమనట్లేదు. ఇంకా పెంచమంటున్నాం. కానీ అది బళ్ళో జరగాలి, చెప్పేవాళ్ళు పక్కనుండగా జరగాలి. ఇంగ్లీషు మీడియం మనకు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఇంగ్లీషులో హోంవర్క్ ఇచ్చి ఇంటికి పంపితే వేలిముద్ర వేసే తల్లి ఏం చెబుతుంది? ఇంగ్లీషు చెప్పే పని బడిది. దాన్ని తల్లి నెత్తిన పెట్టొద్దు.

ఇంకో మోసం కూడా ఉంది. 'పాపం, వీళ్ళకింతే చాల్లే' అని జాలితో పాస్ మార్కులు వేసి పైకి నెట్టడం. అది దయ కాదు, అవమానం. ఎనిమిదికి వచ్చిన పిల్లాడు తన పేరు తప్ప చదవలేకపోతే ఆ పాస్ దేనికి? దీన్ని చూపించి కొందరు మళ్ళీ ఫెయిల్ చెయ్యాలంటున్నారు. 2019లో చట్టం సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో అందుకు దారి తెరిచారు. ఫెయిల్ చేస్తే ఎవరు పోతారో మనకు తెలుసు. ఫెయిలూ వద్దు, జాలి పాసూ వద్దు. చదువు చెప్పండి!

ఇది మనం కొత్తగా అడిగే భిక్ష కాదు, చట్టంలో ఉన్నదే. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్లాడు ఎంత నేర్చాడో చూసి, అవసరమైతే అదనంగా చెప్పడం ఉపాధ్యాయుడి విధి. తల్లిదండ్రుల్ని పిలిచి బిడ్డ చదువు గురించి చెప్పడమూ విధే. 17వ సెక్షన్ ప్రకారం కొట్టడం, మనసు గాయపరచడం నిషేధం. గోడ కుర్చీ, గుంజీళ్ళు, అందరి ముందూ 'మీ వాళ్ళింతే' అనడం అన్నీ దాని కిందికే వస్తాయి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ఒకటి, రెండు తరగతులకు హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలు మించొద్దంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, మన పిల్లల లెక్క ప్రకారం మన వాటా ఉండాలి. ఆ కమిటీలో మనవాళ్ళు సంతకాలకే ఉంటున్నారు. ఇక నోరు విప్పాలి.

అందుకని ఈ సభ ముందు మేం పెడుతున్న డిమాండ్లు ఇవి:

1. హోంవర్క్ చెయ్యలేదని మార్కులు కొయ్యొద్దు, శిక్ష వెయ్యొద్దు.
2. రోజూ చివరి పీరియడ్ రాతపనికి కేటాయించాలి. తెలియని పిల్లలకు పక్కన కూర్చుని చెప్పాలి.
3. ప్రాజెక్టు సామాను బడే ఇవ్వాలి. ప్రాజెక్టు బళ్ళోనే చేయించాలి.
4. దిద్దిన జవాబు పత్రాలు తల్లిదండ్రులకు చూపాలి. మార్కు ఎక్కడ, ఎందుకు పోయిందో నోటితో చెప్పాలి.
5. వలసొచ్చిన పిల్లల్ని కోతల కాలంలో దగ్గర్లోని బడి చేర్చుకోవాలి.

మన పని కూడా ఉంది. ఈ కమ్యూనిటీ హాలు పెళ్ళిళ్ళకూ ఎన్నికలకూ తప్ప తెరుచుకోవడం లేదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా దీన్ని పిల్లలకివ్వండి. ఇంటరూ డిగ్రీ చదివిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వంతులేసుకుని కూర్చోండి. ఆ రెండు గంటలూ టీవీ కట్టేయండి. అన్నల్లారా, ఆ రెండు గంటలూ మీ ఆడపిల్లల చేతుల్లోంచి గిన్నెలు మీరు తీసుకోండి. అదేం చిన్నతనం కాదు.

వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున తొమ్మిదింటికి, పనికి పోకముందు, అందరం కలిసి బడికి వెళదాం. గొడవకు కాదు, అడగడానికి. ఒక్కొక్కరు మీ బిడ్డ నోటు పుస్తకం చేత పట్టుకురండి. అందులో ఎన్ని ఎర్ర గీతలున్నాయో లెక్కపెట్టి, ఒక్కోదానికీ 'ఇది ఎట్లా చెయ్యాలో మా బిడ్డకు ఎప్పుడు చెప్పారు అయ్యవారూ?' అని అడుగుదాం.

జై భీమ్!