నరవిక్రయము – దేశముల బాధ్యత, మన బాధ్యత



యోసేపును అతని అన్నలే ఇరువది తులముల వెండికి వర్తకుల కమ్మిరి. ఆ వర్తకులు అతనిని ఐగుప్తునకు కొనిపోయి మరల అమ్మిరి. అమ్మినవారొక దేశమున, కొన్నవాడొక దేశమున, నడుమ లాభము తినినవారు వేరొకరు. నేటి మనుష్యుల అక్రమ రవాణాకును ఇదే మార్గము.

మన పిల్లలకట్టి భయము లేదని తలంపకుడి. 2024లో బయటపడిన కంబోడియా సంగతి మీరు వినియున్నారు. విశాఖపట్నము ప్రాంతపు యువకులకు కంప్యూటరు మీద డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు ఆశ చూపి, వారియొద్దనే సొమ్ము పుచ్చుకొనిరి. అక్కడ చేరగానే పాస్‌పోర్టులు లాగికొని, ఫోనులోను ఇంటర్నెట్టులోను తోటి భారతీయులనే మోసగించు పనికి కూర్చుండబెట్టిరి. కాదన్నవారిని హింసించిరి. ఆ యేటి మే నెలలో విశాఖ పోలీసులును మన రాయబార కార్యాలయమును కలిసి పనిచేయగా కొందరు ఇల్లు చేరిరి. 2025 మార్చిలో మియన్మారునుండి విడుదలైన 549 మంది భారతీయులను థాయిలాండు మీదుగా మన వాయుసేన విమానములలో తెచ్చిరి. ఇట్టి చెరలలో మియన్మారునందు కనీసము 1,20,000 మంది, కంబోడియాయందు సుమారు 1,00,000 మంది ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయము 2023లో తెలిపెను.

ఏజెంటు ఒక దేశమున, చెర ఒక దేశమున, సొమ్ము మరొక దేశమున ఉండగా, ఒక్క దేశపు పోలీసులు ఏమి చేయగలరు? అందుచేతనే 2000 సంవత్సరమున ఐక్యరాజ్యసమితి పలెర్మో ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము 2011లో దానిని ధ్రువపరచెను. అందు మూడు సంగతులు ముఖ్యము. మోసముచేతగాని బలవంతముచేతగాని కొనిపోయినప్పుడు, "అతడే ఒప్పుకొని వచ్చెను" అను సాకు చెల్లదు. బాధితునికి వసతి, వైద్యము, ఓదార్పు, ఉపాధి కల్పించుటను దేశములు ఆలోచింపవలెను. స్వదేశము తన పౌరుని అనవసరపు జాప్యము లేక చేర్చుకొనవలెను.

అయితే ప్రియులారా, విమానము దిగుటతో చెర తీరదు. ఏజెంటుకిచ్చిన అప్పు వడ్డీతో కూడ నిలిచియుండును. ఊరివారు "వీడును మోసగాడే" అందురు. వచ్చినది ఆడపిల్లయైనచో ఆ మాటలు మరింత క్రూరముగా నుండును. దేశములు చేసిన ఒడంబడిక మన వీధిలో నెరవేరునా లేదా అనునది ఇక్కడ తేలును. తిరిగివచ్చినవారిని ప్రశ్నలతో పొడువక, పనియు పలుకుబడియు చూపుడి. స్త్రీల మైత్రివారు ఆ తల్లులను దర్శించుట మేలు.

వెళ్లబోవు పిల్లలకు కూడ చెప్పుడి: ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదైనవాడేనా అని విచారింపుడి. సందర్శకుని వీసామీద ఉద్యోగమిత్తుననువానిని నమ్మకుడి. పాస్‌పోర్టు నకలును, అక్కడి మన రాయబార కార్యాలయపు ఫోను నంబరును ఇంట ఉంచుడి. పిల్లవాని మాట ఆగిపోయినచో, పరువునకు జంకక వెంటనే పోలీసులకు తెలియజేయుడి.

అమ్మబడినవారిని మన బిడ్డలుగా ఎంచు హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక.